కర్ర పట్టకుండా గుర్రానికి నేర్పిన అడుగు
1998 డిసెంబరు, మంగళవారం

ఆరేళ్ల కిందట సంతలో మా తమ్ముడు సింహాద్రి పదిమంది ముందు అన్న మాట నేను మరిచిపోలేదు. "నీ గుర్రం నీ మాట ఇనదన్నియా, నీ కర్ర మాట ఇంటాది." అప్పటి నుంచి వాడి గుమ్మం తొక్కలేదు. అంతకుముందు సంతకి ఇద్దరం గుర్రాల మీద మూటలు వేసుకుని కలిసే కొండ దిగేవాళ్లం.

కొత్తగా కొన్న గుర్రం మొండిది. తాడు లాగితే అదీ లాగుతుంది. ఇవాళ కర్ర గోడకి ఆనించేసి, తాడు వదులు చేసి, దాని రొమ్ము మీద రెండు వేళ్లు పెట్టి నాలుకతో టక్కుమనిపించాను. కదల్లేదు. నేనూ వేళ్లు తీయలేదు. చాలాసేపటికి ఒక అడుగు వెనక్కి వేసింది. వెంటనే వేళ్లు తీసేసి మెడ నిమిరాను. పొద్దు వాలేసరికి వేళ్లు తగలకుండానే, టక్కు వినగానే వెనక్కి జరిగింది.

"సూసావేట్రా సింహాద్రీ!" అని గట్టిగా అరిచాను. పెరట్లో ఎవరూ లేరు. గుర్రం మాత్రం చెవులు తిప్పింది.

ఇది వాడి పద్ధతే. కుర్రతనంలో వాడు ఇలా చేస్తుంటే నవ్వింది నేనే. వాడి దగ్గర చూసిందే చేశానన్న సంగతి మాత్రం వాడికి చెప్పను.

శనివారం సంతకి కర్ర లేకుండానే బయల్దేరతాను. నీ ఇంటి ముందు ఆగుతాను సింహాద్రీ. నాతో నడిచి వస్తావా, రావా? ఆ రోజు పొద్దెక్కేలోపు నాకు తేల్చి చెప్పాలి.