కట్టు విప్పాక చూసిన వంతెన

చిట్టితల్లికి మీ నాన్న మనసారా దీవించి రాసేది.

నా కన్ను దక్కిందమ్మా! ఉదయం కట్టు విప్పగానే ఎదురుగా గోడ మీద ఒక బొమ్మ కనబడింది. నది, దాని మీద వంతెన, వెనక పట్నం, అన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. ఆపరేషన్ చెడిందనుకున్నాను. ఇక నీకు పుట్టబోయే బిడ్డకి ఉయ్యాల చేయలేననిపించింది. "డాక్టరమ్మా, వంతెన మసగ్గానే ఉంది" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "తాతగారూ, అది పొగమంచులో వంతెన. గీసినాయనే అలా గీశాడు. చుట్టూ ఫ్రేము చూడండి" అంది. చూశాను. కింద కుడి మూల అతుకులో వెంట్రుకవాసి సందుంది! ఆ మాటే చెబితే ఆవిడ దగ్గరికెళ్ళి, కళ్ళజోడు సవరించుకుని మరీ వెతుక్కుంది. "నలభై ఏళ్ళ వడ్రంగం, ఊరికే పోతుందా!" అని మీ అమ్మ ఒకటే మురిసిపోయింది. తర్వాత ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. ఎంత చల్లగా ఉందో!

ఉయ్యాల ఇంకెవరికీ పురమాయించకు. పెట్టెలో ఉలులకు నూనె రాసి ఉంచమని అల్లుడితో చెప్పు. నీ కాళ్ళవాపు తగ్గిందా? బరువులెత్తకు. ఇద్దరూ చల్లగా ఉండండి.

ఇన్నాళ్ళూ నా కార్డులు మీ అమ్మ రాసేది. ఇది నేనే రాశాను, అక్షరాలు చూసుకో తల్లీ.