లింబాద్రి దుప్పటి కప్పిన కంప్యూటర్

లింబాద్రీ, నేను అస్కర్ సైటుకు డ్యూటీకి పోతున్నాను. నువ్వు లేచాక మన రూములో ఉన్న ఆ పాత కంప్యూటర్ ఆన్ చేయకు. నెట్ వైరు నా పెట్టెలో పెట్టి తాళం వేశాను, వెతకకు. అన్నం కుక్కర్లో ఉంది.

"దీనికి అప్‌డేట్లు ఇచ్చుడు కంపెనీ ఎప్పుడో బంద్ చేసింది, నెట్ పెడితే వైరస్ వస్తది భాయ్" అని కింది దుకాణం మొహసిన్ భాయ్ చెప్తే నువ్వేమన్నావు? "రోజు తుడిచి దుప్పటి కప్పుతున్న, యాడికెల్లి వస్తది?" అన్నావు.

మొన్న వచ్చింది. "డార్లింగ్, నువ్వు లేక నిద్ర పట్టడం లేదు" అని నా మెయిల్‌లో ఉన్నవాళ్లందరికీ నా పేరుతో దానంతటదే ఇంగ్లీషులో ఉత్తరం పోయింది. మా ఫోర్‌మన్‌కూ పోయింది. నిన్న ఆయన నన్ను ఆఫీసులోకి పిలిచి, తలుపు తెరిచే ఉంచి మాట్లాడాడు. ఈ రోజు మళ్లీ ఆయన ముందే నిలబడాలి.

నర్సయ్య

ఇంకో మాట. ఆ ఉత్తరం మెట్‌పల్లిలో మా బామ్మర్దికీ చేరింది. వాడు అది అక్క కోసమే అనుకొని సుగుణకు తెలుగులో చదివి వినిపించాడట. పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక్క మంచి మాట రాశావని ఆమె ఫోన్లో ఏడ్చింది. మళ్లీ ఫోన్ చేసి నిన్నడిగితే, రాసింది నర్సయ్యే అని చెప్పు.