ఎడ్లకు రాసిన పేర్లు

గద్వాల, బుధవారం రాత్రి

ముత్తాత జాడ దొరికింది, పేరు దొరకలేదు. నెట్‌లో పెట్టిన, ఉర్దూలో ఉన్న మా ఊరి దొర పాత దస్త్రాన్ని మా ఉర్దూ సార్ చదివి చెప్పాడు: ‘ఎద్దు రాముడు, ఎద్దు భీముడు, జీతగాడు ఒకడు.’ పశువులకు పేర్లున్నాయి, బతుకంతా వెట్టి చేసిన మనిషికి లేదు!

మండిపోతూ వచ్చి అవ్వకు చెప్పాను.

“ఆ ఎడ్లను తోలింది మా మామనే గదరా.”

“పేరేంది అవ్వా?”

“ఓరి పిచ్చోడా, మామ పేరు కోడలు నోట తీస్తదా?”

“దొర రాయకపాయె, నువ్వేమో చెప్పవు!” అని అరిచాను.

“గట్ల అరువకు. దొర ‘ఒరేయ్’ అనే పిలిచేటోడు. నేనన్న మర్యాద ఇయ్యొద్దా?”

పోయి నాన్నను అడిగాను. నాన్నకు కూడా ఆయన ఉత్త ‘తాత’నే. పేరు తెలిసింది అవ్వ ఒక్కదానికే, ఆమెకు ఎనభై దాటాయి. ఈ డైరీ పేజీలో ఆయన పేరుండాల్సిన చోట నేనూ ‘జీతగాడు ఒకడు’ అనే రాయాల్సి వచ్చింది.