సమీర వేసిన నా ముఖం

ఫిబ్రవరి 1, ఆదివారం

మనవరాలు సమీర నా బొమ్మ వేస్తోంది. మా పేట భవానీపూర్‌లోని డ్రాయింగ్ క్లాసులో పెన్సిల్ పోర్ట్రెయిట్ వెయ్యమన్నారట. కదలనివ్వదు, టీ తాగనివ్వదు. నానమ్మా, అలా కోపంగా చూడకు, కనుబొమలు కలిసిపోతున్నాయి అంటుంది. నా ముఖమే అంత అన్నాను.

ఫిబ్రవరి 8

బొమ్మ పూర్తయింది. ఆడిట్ ఆఫీసులో పనిచేసినదాన్ని, తప్పు పట్టాలనే చూశాను. దొరకలేదు. ముడతలన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ముక్కు పక్కన పులిపిరి కూడా వదల్లేదు. పెన్సిల్‌తో బొట్టుకి ఎరుపెలా వస్తుందే అంటే, ఎరుపూ ఒక షేడే నానమ్మా, ఉన్నది ఉన్నట్టు వెయ్యాలంతే అంది.

ఆయన పోయినా నేను బొట్టు తియ్యలేదు. అది మా అమ్మ పెట్టింది, ఆయన కాదు.

ఫిబ్రవరి 12

విశాఖ నుంచి మరిది గోవిందరాజు వీడియో కాల్. ఇరవయ్యో తేదీన ఆయన సంవత్సరీకానికి వస్తున్నాడు. కోడలు మైథిలి గొప్పగా బొమ్మ చూపించింది. వదినా, ఆ బొట్టేటి? నలుగురూ వస్తారు, ఏటనుకుంటారు? అన్నాడు. టికెట్ కన్‌ఫర్మ్ అయిందా అని అడిగి ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి 13

ఒళ్లు మండిపోతోంది.

ఫిబ్రవరి 15, సాయంత్రం

హాల్లో బొమ్మ పెట్టారు. నుదురు ఖాళీ.

సమీరని నిలదీశాను. అమ్మ చెరిపెయ్యమంది, చిన్నతాతయ్య వెళ్లాక మళ్లీ వేసేస్తా అంది. మైథిలి వచ్చింది. గొడవెందుకని అత్తయ్యా, ఆ ఒక్కరోజూ మీరు కూడా... అని ఆగిపోయింది.

అప్పుడర్థమైంది. ముందు కాగితం మీద రిహార్సల్ చేశారు. ఇప్పుడు రబ్బరు నా నుదుటి మీదికి తెస్తున్నారు.

ఎక్కువ కోపం సమీర మీదే. పులిపిరి ఉంచిన పిల్ల ఇది చెరిపింది. ఉన్నది ఉన్నట్టు అని నాకు పాఠం చెప్పిన పిల్ల! రుద్దిన చోట కాగితం నూగు లేచిపోయింది.

రాత్రి భోజనం మానేద్దామనుకున్నాను. తిన్నాను. వీళ్ల కోసం నా ఆకలెందుకు చంపుకోవాలి?

ఫిబ్రవరి 17

సమీర ఏడ్చింది. ఇప్పుడే వేసేస్తానంది. వద్దన్నాను. పెన్సిల్ ఒకటి ఇమ్మన్నాను. ఏది నానమ్మా అంది.

అన్నిటికంటే నల్లది.

ఫిబ్రవరి 20, ఉదయం 6

స్నానం చేసి కుంకుమ పెట్టుకున్నాను. తర్వాత బొమ్మకి పెట్టాను. సమీర ఇచ్చిన 6బి పెన్సిల్‌తో. నూగు లేచిన చోట ఎక్కువ పట్టింది. మునుపటికంటే పెద్దదైంది.

కింద గోవిందరాజు టాక్సీ దిగుతున్నాడు.