పెళ్ళిబండికి అడ్డంగా ఓ రైలు గేటు

1920 మే 3. రాత్రి వాన, పొద్దుటికి తెరిపి. గేటు దీపం తుడిచాను.

తమ్ముడు వెండెలీన్‌కు,

పందొమ్మిది నెలల కిందట మీ వియన్నా రైలు ఆఫీసు తంతి పంపింది: "సైన్యం రైళ్ళు వస్తాయి. మళ్ళీ రాసి పంపేదాకా గేటు ఎత్తొద్దు." ఎత్తలేదు. చర్చి అవతల, మేం ఇవతల. పదహారున మా అమ్మాయి హెర్మీనా పెళ్ళి. ఉత్తర్వు పంపించు.

మీ అన్న మెతోద్

తా.క. జనం గేటు కింద దూరి పోతున్నారు. పాదిరిగారు కూడా. హెర్మీనా మాత్రం "పెళ్ళిబట్టల్లో పాకను" అంటోంది.

మే 7

అన్నయ్యకు నమస్కారం.

చక్రవర్తే పోయాడు, సైన్యం ఎక్కడిది? మ్యాపుల మీద గుండుసూదులు గుచ్చి యుద్ధం నడిపిన జనరల్ ఇప్పుడు పాల వరుసలో నా వెనక నించుంటున్నాడు. ఇప్పుడు మీది చెకొస్లొవేకియా, మాది ఆస్ట్రియా. నీ చేత్తో నువ్వే ఎత్తెయ్.

వెండెలీన్

తా.క. ఆఫీసు పాత ముద్ర దొరికింది. దాంతో అక్రోట్లు కొడుతున్నారు. ఉత్తర్వు రాసి, ముద్ర తుడిచి దానిమీద గుద్ది, ఇందులో పెట్టాను.

మే 12. మబ్బు. బంగాళాదుంపలకు మన్ను ఎగదోశాను.

తమ్ముడూ, నీ ఉత్తర్వు అందింది. పరాయి దేశం మాట వింటే ద్రోహం కదా? మా కొత్త రాజధాని ప్రాగ్‌కు తంతి ఇచ్చాను. "మేం మూయించలేదు, మేమెలా తెరిపిస్తాం?" అన్నారు. హెర్మీనా నాతో మాట్లాడటం మానేసింది.

మెతోద్

మే 14

అన్నయ్యా! పిల్ల పెళ్ళి కంటే ఉత్తర్వు ఎక్కువా? అసలు ఆ దారిన రైలేదైనా వస్తోందా?

వెండెలీన్

మే 16, ఆదివారం. ఎండ. గేటు కప్పీకి నూనె పెట్టాను.

తమ్ముడూ, పెళ్ళిబండి గేటు దగ్గర ఆగింది. హెర్మీనా దిగి, "నాన్నా, నీకు జ్వరమొస్తే గేటు ఎవరు చూడాలి?" అంది.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా. నిబంధనల్లో ఉంది."

నా నుదురు ముట్టుకుంది. "కాలిపోతోంది. టోపీ ఇలా తే."

పూలకిరీటం మీద టోపీ పెట్టుకుని, "గేటు ఎత్తు, ఇది నా ఉత్తర్వు" అని అరిచింది. చక్రవర్తిని దింపేసిన రోజున కూడా మా ఊళ్ళో ఇంత కేక వినలేదు. సలాం కొట్టి ఎత్తాను. నా నుదురు నేనే ముట్టుకుని చూసుకున్నాను. జ్వరమేనేమో.

మీ అన్న మెతోద్

తా.క. రైలు సంగతి అడిగావు. పట్టాలు యుద్ధం ముగిసిన చలికాలంలోనే పోయాయి, సగం హంగరీవాళ్ళు, సగం మనవాళ్ళు పీక్కుపోయారు. ఇదివరకు నువ్వు అడగలేదు.

ఇంకో మాట. టోపీ హెర్మీనాతోనే పోయింది. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నించున్నాను. ఆ తర్వాత గేటు దించబోయి ఆగాను: దించమని ఉత్తర్వు లేదుగా.