పేర్లు పడేటప్పటి పాట

మార్టూరు,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి జాస్మిన్‌ను అమ్మమ్మ దీవించి రాస్తున్నది.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మీ జయపాల్ మామయ్య మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. ఆ ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ముతున్నాం. తుమ్మే ఓపిక ఉంది కాబట్టి క్షేమమనే అనుకోవాలి. భువనేశ్వర్‌లో నువ్వూ, నీ బ్యాంకూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నాకు మనసొప్పడం లేదు, టెలిగ్రాములే అంతకంటే పొడుగ్గా ఉండేవి. అయినా రాయమని నేనే నీ వెంటపడ్డాను కనుక ఊరుకుంటున్నాను. అడిగినవాటికి జవాబులు: నా మోకాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. పక్కింటి జానీబీ పంపిన గోంగూర పచ్చడి నీకు చేరిందని చెప్పాను. సీసా అప్పుడే ఖాళీ అయిందని కూడా చెప్పాను. ఇంకోటి కలుపుతోంది. నీ జుట్టు రాలడానికి నూనె పేరు అడిగావు. ముందు వేళకి తిను, తరవాత నూనె సంగతి చూద్దాం.

ఇక నీ చివరి ప్రశ్న. "ఆ సినిమా చూసొచ్చి అంత అసహ్యించుకున్నావు కదా అమ్మమ్మా, మళ్ళీ అది టీవీలోకి ఎప్పుడొస్తుందని మామయ్య ప్రాణం ఎందుకు తోడుతున్నావు?" అని రాశావు. న్యాయమైన ప్రశ్నే. తీరిగ్గా కూర్చుని చదువు.

ఆ సినిమా ఎవరి మీద తీశారో, ఆ యెషయా మాస్టారు నీకు వట్టి పేరు. నాకు మిషను బోర్డింగ్ స్కూల్లో సంగీతం చెప్పిన మనిషి. ఆదివారం చర్చిలో హార్మోనియం, తక్కిన రోజుల్లో చుట్టుపక్కల నాటకాలకి హార్మోనియం. ఆయన పాట విన్నాక రెండు రోజులపాటు ఇంకొకరి పాట వినబుద్ధయ్యేది కాదు. పెళ్ళిచూపుల్లో నీకేం ఇష్టమని మీ తాత అడిగితే యెషయా మాస్టారి పాట అన్నాను. మీ తాత పాపం చాలాకాలం ఆయన్ని అనుమానంగా చూశాడు. మాస్టారి గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్‌లో. దాన్ని ఆయన కొడుకు మార్క్ సినిమావాళ్ళ చేతిలో పెట్టాడు. వాళ్ళు ఇంకా తిరిగివ్వలేదు, ఇస్తారన్న ఆశా లేదు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు మాస్టారి అసలు గొంతే వినిపిస్తామని మాత్రం ప్రకటించారు. నాకు కావలసింది ఆ నాలుగు నిమిషాలు. మిగతా సినిమా ఎవరికైనా దానం చేయడానికి సిద్ధంగా ఉన్నాను, పుచ్చుకునేవాళ్ళుంటే.

ఎంత రోతగా తీశారో నీకు పూర్తిగా చెప్పలేదు. మాస్టారు పీచులాంటి మనిషి, వేళ్ళకి ఎప్పుడూ ముక్కుపొడి. సినిమాలో ఆయనకి కండలున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆయనకి ఎవరూ నేర్పలేదనుకుంటాను. హార్మోనియం మెట్ల మీద రెండు చేతులూ పెట్టి వాయించాడు. మరి వెనక గాలి తిత్తి ఎవరు కొడుతున్నట్టు, పరిశుద్ధాత్మా? అది పోనీ అనుకుంటే, విచ్చిన పత్తి చేలో కుండపోత వాన కురిపించి హీరో చేత గంతులు వేయించారు. మన చర్చి సంఘంలో కౌలుకి పత్తి వేసినవాళ్ళు ఆ పాట జరుగుతున్నంతసేపూ గుండెలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళలో కొండమ్మ అయితే, "ఆ కాయంతా నల్లబడిపోయుద్దమ్మా, ఈడికి నవ్వెట్టా వచ్చుద్ది?" అని పైకే అడిగింది. సినిమా మొత్తంలో నాకు నచ్చిన మాట అదొక్కటే. చివరికి మాస్టారికి క్షయ అంటగట్టి, నెత్తురు కక్కించి చంపారు. నిజానికి ఆయన ముసలితనంలో పెరుగన్నం తిని, ఆవలించి, నిద్రలో పోయారు. ఆ చావులో అందం వీళ్ళకెలా తెలుస్తుంది.

అయినా పంటి బిగువున కూర్చున్నాను, పేర్లు పడే దాకా. అసలు నష్టం అక్కడ జరిగింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా ఆటోల్లో హాలుకి వెళ్ళాం కదా. మన మనిషి మీద తీసిన సినిమా, అందరూ చూడాలని ఇమ్మానియేలు అయ్యగారే ప్రసంగపీఠం మీది నుంచి చెప్పారు. ఆయన మధ్య వరుసలో కూర్చున్నారు. ఆఖరి సీనులో హీరో మంచం మీద చేతులెత్తి ప్రార్థన చేసి కన్నుమూశాడు. తెరంతా తెల్లబడింది. పేర్లు మొదలయ్యాయి. హార్మోనియం శ్రుతి వినిపించింది. దాని వెనక మాస్టారు గొంతు సవరించుకున్నారు. అమ్మాయీ, పాట ఎత్తుకునే ముందు ఆయన ఎప్పుడూ అలాగే సవరించుకునేవారు. నా ఒళ్ళు జల్లుమంది.

సరిగ్గా అప్పుడు అయ్యగారు లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, ఆశీర్వాదం ఎత్తుకున్నారు.

ముప్పై ఏళ్ళుగా ఆదివారం ప్రార్థన ముగియగానే ఆయన చేసే పని అదే, చీకట్లో కునుకు తీసి లేచిన మనిషికి హాలేదో చర్చేదో తెలియలేదు. సంఘం కూడా తక్కువ తినలేదు. అందరూ లేచి తలలు వంచారు. నాతో వచ్చిన జానీబీ మర్యాదకి తల మీద కొంగు కప్పుకుంది. మనకి సంబంధం లేని వెనక వరుసలవాళ్ళు కూడా, ఇదేదో సినిమాలో భాగమేమో అనుకుని లేచారు. ఆమేన్ అన్న కేక హాలు కప్పుకి తగిలింది. ఆశీర్వాదం అయ్యాక మనవాళ్ళు కూర్చోరు కదా, అయ్యగారికి కరచాలనం చేయడానికి గుమ్మం వైపు కదిలారు. జనం లేచారని హాలువాళ్ళు తలుపులు తెరిచి లైట్లు వేశారు. తెర ఆపేశారు. నేను "కూర్చోండి, కూర్చోండి" అంటూనే మెట్ల మీదకి కొట్టుకొచ్చాను.

మెట్ల మీద అయ్యగారిని పట్టుకున్నాను.

"అయ్యగారూ, సినిమాకి కూడా ముగింపు మీరే చెప్పాలా?"

"అలవాటమ్మా. చేతులు వాటంతటవే లేచినై."

"ఈసారి లేస్తే జేబులో పెట్టుకోండి."

ఆయన మంచివాడు, తల దించుకున్నాడు. అందువల్ల నాకు ఇంకా ఒళ్ళు మండింది. మర్నాడు మళ్ళీ వెళ్దామంటే ఆ హాల్లో దయ్యాల సినిమా వేశారు. జనం రాలేదట, ఇంకెక్కడా ఆడటం లేదట.

అప్పటి నుంచి టీవీలోకి రావడం కోసం కాచుకుని ఉన్నాను. మొదట ఈస్టరుకి ముందన్నారు, తరవాత త్వరలో అన్నారు. బళ్ళో నేను పాఠాలు చెప్పిన పిల్లలు హోంవర్కు గురించి చెప్పే 'త్వరలో' నాకు బాగా తెలుసు, ఇదీ ఆ జాతిదే. ఇప్పుడు పై వారం శుక్రవారమని గట్టిగా ప్రకటించారు. ఇంతలో అయ్యగారు పశ్చాత్తాపపడి, చర్చి ఆవరణలో తెర కట్టి సంఘమంతటికీ వేయిద్దామని కబురు పంపారు. వద్దని తిరుగు కబురు పంపాను. ఇంటర్నెట్టులో సినిమాలు చూపించే మన టీవీతో ఇంకో పేచీ ఉందట. పేర్లు మొదలవగానే బొమ్మని మూలకి నెట్టేసి, దానంతట అదే ఇంకో సినిమా మొదలెడుతుందట. ఈ దేశంలో పాట చివరిదాకా విననివ్వకూడదని అందరూ కలిసి ఒట్టేసుకున్నట్టున్నారు. మీ మామయ్య రోజూ అన్నం తిన్నాక ఏదో ఒక సినిమా చివర పెట్టి, అలా నెట్టకుండా ఆపే రిమోటు బొత్తాం వేళకి నొక్కడం అభ్యాసం చేస్తున్నాడు. ఇంకా కుదరలేదు.

ఇంత తొందర దేనికని నువ్వు అనుకుంటావు. శుక్రవారం కాకపోతే ఇంకో శుక్రవారం, పాట ఎక్కడికీ పోదు కదా అని. పాట పోదు.

ఫోను పెట్టేసి ఉత్తరాలు రాయమని నిన్ను ఎందుకు సతాయిస్తున్నానో ఇప్పుడు చెబుతాను. ఫోనులో నువ్వు మాట్లాడేది నాకు అందడం లేదమ్మా. సిగ్నల్ లేదని నేను పెట్టేసిన ప్రతిసారీ సిగ్నల్ శుభ్రంగా ఉంది. నా కుడి చెవి కిందటేడే పోయింది. ఊళ్ళో గ్రానైటు రాళ్ళు పాలిష్ చేసే మిషన్ల మోత వల్ల వినబడటం లేదని ఇంట్లో అందరికీ చెప్పుకొచ్చాను. గుంటూరులో పంటి డాక్టరు దగ్గరకని చెప్పి వెళ్ళింది, నిజానికి అక్కడే బ్రాడీపేటలో చెవి డాక్టరు దగ్గరకి. ఎడమది కూడా తగ్గుతోందన్నాడు. నెలలా, ఏడాదా చెప్పలేనన్నాడు. చెవిలో మిషను పెట్టి చూపించాడు. దానితో మాటలు తెలుస్తాయి. పాట పెట్టమన్నాను. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. తీసి ఆయన బల్ల మీదే పెట్టి వచ్చాను. మాటల కోసం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. మాస్టారి గొంతు మాత్రం ఆ డబ్బాలోంచి వినను.

మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. ఏడుస్తుంది, ఆ ఏడుపు కూడా నాకు సగమే వినబడుతుంది. మామయ్యకీ తెలియదు.

నువ్వు ఆ ముందురోజు, గురువారం రాత్రి బండెక్కు. సెలవు ఇవ్వకపోతే, అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పు. అబద్ధం ఆడినట్టు కూడా కాదు. సినిమా మనం మొదటి నుంచి చూడనక్కర్లేదు. తిన్నగా ఆఖరికి జరిపించు, తలుపు గడియ వెయ్యి, ఆ బొత్తాం నీ చేతిలో ఉంచుకో, నా ఎడమ పక్కన కూర్చో. మా ఇళ్ళల్లో ఎవరికీ అబ్బని చెవి నీకు అబ్బింది, చిన్నప్పుడు నిద్రలో కూడా నా అపస్వరానికి మొహం చిట్లించేదానివి. మాస్టారు పాట ఎత్తుకోగానే నువ్వు టీవీ వైపు చూడు. నాకు అందినంత నేను వింటాను. అందనప్పుడు నీ మొహం చూసుకుంటాను.

ఇట్లు,
నీ రాకకై చూచు
అమ్మమ్మ
రెబ్కా