వెనక నిలబడినాయన

పుతెయోలి రేవు, అక్టోబరు నడిమి రోజుకు ఇంకా మూడు రోజులు. పొద్దుట సన్నని జల్లు పడి వెలిసింది. పన్నెండు ద్రాక్షరసం జాడీల మూతులకు తారు పూశాను.

చిరంజీవి ఫావెంటినస్‌కు,

నువ్వు క్షేమమైతే అదే మాకు క్షేమం. నువ్వడిగావుగా, అమ్మ దగ్గు తగ్గింది. అక్కడి రైన్ నది ఒడ్డు చలికి నీకు ఉన్ని మేజోళ్లు అల్లుతోంది.

మీ దండులో సేనాని మారాక, మీ వందమందికి పెద్ద అయిన శతాధిపతి పరపతి పోయిందనీ, అందరూ ఆయన భోజనం బల్ల వదిలి కొత్తగా పైకొచ్చినవాడి బల్లకు చేరారనీ, నువ్వేం చేయాలనీ రాశావు. జవాబుకు ముందు నీకు ఇన్నాళ్లూ దాచిన సంగతి ఒకటి చెప్పాలి.

నాకు దాస్యం నుంచి విడుదల ఇచ్చి, తన పేరిచ్చిన కొస్సూటియస్ గారి ఇంటికి ఇరవై ఏళ్లు తెల్లవారుతూనే దండం పెట్టడానికి వెళ్లాను. అప్పట్లో ఆ వాకిట్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. ఈ వేసవిలో ఆయన ఓడలు మూడూ ఒకే తుపానులో మునిగాయి. ఆ మర్నాడే నేను ఉతికిన తెల్ల పైబట్ట కట్టుకుని, ఊళ్లో మరో ధనవంతుడైన రుబెల్లియస్ గారి వాకిట్లో నిలబడ్డాను.

అక్కడి తలుపు కాపలావాడు నవ్వాడు. “ఏమయ్యా, నిన్నటిదాకా ఆ గడప, ఇవాళ ఈ గడప. రేపెక్కడో ముందే చెబితే నేనూ వస్తాను.”

అంతలో నా వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. తిరిగి చూస్తే కొస్సూటియస్ గారు. ఆయనా ఆ వాకిటికే వచ్చారు. విడిపించిన యజమాని వెనక ఉండగా ముందు నిలబడడం మాలో ఎవరూ చేయని పని. పక్కకు జరగాలి. రుబెల్లియస్ గారు చూస్తారేమో, ఇంకా కొస్సూటియస్ గారి మనిషిననుకుంటారేమో అని నేను జరగలేదు.

“ముందొచ్చావుగా, నిలబడు నాయనా,” అన్నారాయన మెల్లగా.

నిలబడ్డాను. దండం పెట్టడానికి వచ్చినవాళ్లకు పంచే రొట్టెల బుట్ట కూడా తీసుకున్నాను. మా వెనకవాళ్లంతా చూశారు.

ఓడలను ముంచింది అదృష్టదేవత. అది ఇచ్చినదాన్ని అదే పట్టుకుపోతుంది, దాన్ని తిట్టి లాభం లేదు. కానీ ఆ చోటు వదలనిది అది కాదు, నేను. అందుకే నీ శతాధిపతి బల్ల దగ్గరే కూర్చో. ఆయనకు మళ్లీ మంచిరోజులు వస్తాయని మాత్రం కూర్చోకు.

తొమ్మిది రోజులుగా పొద్దున్నే కొస్సూటియస్ గారి వాకిటికి వెళ్తున్నాను. లోపల అడుగుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు మాత్రం ఇంకా తీయలేదు.

ఇట్లు,
రేపూ ఆ గడప దగ్గరికే బయలుదేరే
మీ నాన్న